గల్ఫ్ కార్మికుల గురించి జెనీవాకు రిపోర్టు: అక్కడ ఇండియా మాట ఎంత చెల్లుతుంది, మన మాట ఎంత?

ఎల్లంపల్లి

అందరికీ నమస్తే. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కేసులు చూసే ఒక చిన్న సంఘం తరఫున అడుగుతున్నా. జీతం ఎగ్గొట్టడం, పాస్‌పోర్టు కఫీల్ (కఫాలా పద్ధతిలో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గరే ఉండిపోవడం, కల్లివెల్లి అయినవాళ్లకు (కఫీల్‌ను వదిలేసి కాగితాలు లేకుండా ఉన్నవాళ్లకు) ఇంటికి రావడానికి అవుట్‌పాస్ దొరక్కపోవడం, 'సహజ మరణం' అని ఒక్క ముక్క రాసి శవపేటిక పంపేయడం. కేసులన్నీ అటూ ఇటూగా ఇవే.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో యూపీఆర్ (సార్వత్రిక ఆవర్తన సమీక్ష) అని ప్రతి దేశానికీ నాలుగైదేళ్లకోసారి సమీక్ష జరుగుతుందనీ, దానికి సంఘాలు కూడా రిపోర్టు పంపొచ్చనీ తెలిసింది. మేం పంపాల్సింది ఇండియా సమీక్షకా, లేక వేరే ఏదైనా ఉందా? మన దేశం ఒప్పుకున్న సిఫార్సులకు కోర్టులో విలువ ఉంటుందా? ఒక్క కార్మికుడి కేసును నేరుగా అక్కడికి తీసుకెళ్లే దారి ఉందా? ఇంకోటి, జెనీవాలో ఓటింగ్ అనగానే 'భారత్ దూరంగా ఉంది' అని పేపర్లో వస్తుంది. మండలిలో కుర్చీ ఉండీ ఓటు వేయకపోతే ఆ సభ్యత్వం ఎందుకు?

జెనీవా గుమాస్తా

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం, సగం కాగితాలు ఇక్కడే దారి తప్పుతాయి. మానవ హక్కుల మండలి వేరు, మానవ హక్కుల కమిటీ వేరు. మండలి అంటే 47 దేశాల ప్రభుత్వాలు కూర్చునే రాజకీయ వేదిక. ఐక్యరాజ్యసమితి సర్వసభ 2006 మార్చి 15న 60/251 తీర్మానంతో దాన్ని ఏర్పాటు చేసింది. కమిటీ అంటే పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే 18 మంది నిపుణులు. యూపీఆర్ మండలి పని. కమిటీకి దానితో సంబంధం లేదు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: రెండు వైపులా పంపాలి. ఏ దేశపు సంఘమైనా ఏ దేశం మీదైనా రిపోర్టు పంపొచ్చు. జగిత్యాల సంఘం సౌదీ సమీక్షకు పంపకూడదన్న నియమం ఎక్కడా లేదు. మీ కేసుల్లో తప్పు సగం అక్కడ, సగం ఇక్కడ జరుగుతోంది కాబట్టి రిపోర్టూ రెండు ముక్కలు కావాలి. కఫీల్, పాస్‌పోర్టు, జీతం బకాయి, మరణ కారణం ఇవన్నీ గల్ఫ్ దేశం రిపోర్టులోకి. ఏజెంట్ల నియంత్రణ, ఎంబసీ సాయం, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం మార్పు ఇండియా రిపోర్టులోకి. సౌదీ, యూఏఈలు పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరనే లేదు, అందుకని ఆ కమిటీ వాళ్లను పిలిచి అడగలేదు. యూపీఆర్ మాత్రం 193 దేశాలకూ తప్పదు. గల్ఫ్ విషయంలో దీనికి విలువ అందుకే.

వేళల గురించి. అన్ని దేశాల సమీక్షా ఒక చుట్టు పూర్తయితే ఒక విడత. నాలుగో విడతలో ఇండియా సమీక్ష 2022 నవంబర్ 10న జరిగింది. అదే సమావేశాల్లో బహ్రెయిన్ కూడా ఉంది. యూఏఈ 2023 మేలో, సౌదీ 2024 జనవరిలో, ఖతార్ 2024 నవంబర్‌లో అయ్యాయి. విడత మారినా వరుస మారకూడదని మండలి 16/21 తీర్మానంలో ఉంది. అంటే ఐదో విడతలో మొదట వచ్చేవాటిలో ఇండియా, బహ్రెయిన్ ఉంటాయి. సంఘాల రిపోర్టుల గడువు సమీక్షకు ఏడెనిమిది నెలల ముందే ముగుస్తుంది. 2022 నవంబర్ సమీక్షకు గడువు ఆ ఏడాది మార్చి నెలాఖరు. సమీక్ష వార్త పేపర్లో చూసి రాయడం మొదలుపెడితే రైలు వెళ్లిపోయినట్టే. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైట్‌లో యూపీఆర్ క్యాలెండర్ ఉంటుంది, నెలకోసారి చూస్తూ ఉండండి.

రిపోర్టు కొలతలు: ఒక్క సంఘం పంపితే 2,815 పదాలు, కొన్ని సంఘాలు కలిసి పంపితే 5,630 పదాలు. ఫుట్‌నోట్లు, అనుబంధాలు ఈ లెక్కలోకి రావు. ఒక సంఘం సొంతంగా ఒక్కటే పంపాలి, ఉమ్మడి రిపోర్టులు మాత్రం ఎన్నింటిలోనైనా చేరొచ్చు. వర్డ్ ఫైలు, పేరాలకూ పేజీలకూ నంబర్లు, మొదట్లో సంఘం గురించి ఒక్క పేరా. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ద్వారానే పంపాలి, మెయిల్ చేస్తే కుదరదు. తెలుగులో తీసుకోరు. ఇంగ్లిష్‌లో పెట్టండి, తెలుగు వాంగ్మూలాలు మీ ఫైల్లో భద్రంగా ఉంచుకుని వాటి సారాన్ని మాత్రం రాయండి.

తిప్పికొట్టేవి ఏవంటే: పదాల పరిమితి దాటినవి, పేపరు కత్తిరింపులు కుట్టినవి, తిట్లు ఉన్నవి, గత సమీక్షకు ముందు నాటి సంగతులతో నింపినవి. ఫొటోలు, మ్యాపులు, సంఘం వార్షిక నివేదికలు జత చేయవద్దని వాళ్లే చెప్తారు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది. రిపోర్టు సంఘం పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెడతారు. ఇంకా అక్కడే పనిలో ఉన్న కార్మికుడి పేరు, కంపెనీ, క్యాంపు నంబరు అందులో రాసేశారంటే ఆ మనిషిని ఇరికించినట్టే. నెల, ఊరు, వృత్తి, బకాయి మొత్తం రాయండి. పేరు వద్దు.

అన్నీ సరిగ్గా చేసినా ఒకటి తెలిసి ఉండాలి. అన్ని సంఘాల రిపోర్టులూ కలిపి కార్యాలయం తయారుచేసే సారాంశం 5,350 పదాలు మించదు. ఇండియాలాంటి దేశానికి వచ్చే కట్టలో మీ 2,815 పదాలు అరవాక్యం, ఒక ఫుట్‌నోట్ నంబరు అవుతాయి. నిరాశపడకండి. ఆ నంబరు చూపించి రాయబార కార్యాలయాల తలుపు తట్టడానికే రిపోర్టు.

నల్లకోటు

కోర్టు విలువ గురించి నేను చెప్తాను.

యూపీఆర్‌లో 'తిరస్కరించాం' అన్న మాటే ఉండదు. సిఫార్సును దేశం 'సమర్థిస్తుంది', లేదా 'గమనంలోకి తీసుకుంటుంది'. రెండోదానికి అర్థం మర్యాదగా వద్దనడమే. 2008లో ఇండియాకు 18 సిఫార్సులు వచ్చాయి. 2012లో 169 వస్తే 67 ఒప్పుకుంది. 2017లో 250కి 152. 2022లో 130 దేశాలు కలిసి 339 ఇచ్చాయి, అందులో 221 ఒప్పుకుంది. అంకె పెరుగుతోంది కదా అని సంబరపడేముందు వాటిలో క్రియాపదాలు చదవండి. 'కొనసాగించండి', 'మరింత బలోపేతం చేయండి', 'పరిశీలించండి' అన్నవి సులువుగా దాటతాయి. 'ధ్రువీకరించండి', 'రద్దు చేయండి' అన్నచోట కలం ఆగుతుంది. ఇండియా ఇతర దేశాలకు ఇచ్చే సిఫార్సుల భాష కూడా ఎక్కువగా 'కొనసాగించండి' బాపతే. మనం మెత్తగా అడిగితే మనల్నీ మెత్తగా అడుగుతారన్న లెక్క. అన్ని దేశాలూ చేసేదే ఇది, కాకపోతే మనవాళ్లది కాస్త చెయ్యితిరిగిన పని.

ఒప్పుకున్నా అమలు కావాలనేమీ లేదు. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద ఇండియా సంతకం చేసింది 1997 అక్టోబర్ 14న. ధ్రువీకరణ నేటికీ లేదు. 2010లో బిల్లు లోక్‌సభ దాటి, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి మురిగిపోయింది. లా కమిషన్ 2017 అక్టోబర్‌లో 273వ నివేదికతో మళ్లీ ముసాయిదా ఇచ్చింది. నాలుగు విడతల యూపీఆర్‌లోనూ ఇదే అడిగారు. కట్టుబడి ఉన్నాం అన్న జవాబే వచ్చింది.

కోర్టు విషయానికొస్తే, యూపీఆర్ సిఫార్సు మీద రిట్ వేస్తే నిలవదు. అది చట్టం కాదు, ఒడంబడిక కూడా కాదు. కానీ ధ్రువీకరించిన ఒడంబడిక మన చట్టంలో ఖాళీ ఉన్నచోట పనికొస్తుంది. 1997 విశాఖ తీర్పులో (పనిచేసేచోట లైంగిక వేధింపుల కేసు) సుప్రీంకోర్టు మహిళల వివక్ష నిర్మూలన ఒడంబడికను, అంటే 1993లో మనం ధ్రువీకరించినదాన్ని, ఆధారం చేసుకునే మార్గదర్శకాలు రాసింది. పోలీసు కస్టడీ హింస మీద వచ్చిన డీకే బసు తీర్పు ఇంకో మెట్టు. అక్రమ అరెస్టుకు పరిహారం హక్కు విషయంలో ఇండియా పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరేటప్పుడు మినహాయింపు పెట్టుకుంది. తన తీర్పుల దరిమిలా ఆ మినహాయింపుకు ప్రాధాన్యం పోయిందని కోర్టు అంది. కాబట్టి పిటిషన్‌లో ఆధారం ఒడంబడిక అధికరణం కావాలి. యూపీఆర్‌లో ప్రభుత్వం ఇచ్చిన మాటను దానికి తోడుగా, 'ప్రభుత్వమే ఇలా చెప్పింది' అని ఒక పేరాలో పెట్టండి.

మీ విషయంలో చిక్కు ఏంటంటే, 1990 నాటి వలస కార్మికుల ఒడంబడిక మీద ఇండియా సంతకమే చేయలేదు. గల్ఫ్ దేశాలూ చేయలేదు. అందుకని మన రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు), ఎమిగ్రేషన్ చట్టం, ఆర్థిక సామాజిక హక్కుల ఒడంబడికలో 7వ అధికరణం, అంటే న్యాయమైన పని పరిస్థితులు, వీటి మీద నిలబడాలి.

ఒక్క మనిషి కేసు: ఇండియా ఏ ఒడంబడిక కమిటీకీ వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకునే అధికారం ఇవ్వలేదు. ఆ ద్వారం మూసే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు వెళ్తే 1993 చట్టం 36(2) ప్రకారం సంఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. అదీ ఇక్కడి అధికారుల నిర్లక్ష్యం మీదే. సౌదీ కంపెనీ మీద కాదు. ఏజెంటు మీద ఫిర్యాదు ఇచ్చినా చర్య తీసుకోలేదు, ఎంబసీకి రాసినా జవాబు లేదు అని రాస్తే కమిషన్ పరిధిలోకి వస్తుంది. 'సౌదీలో అన్యాయం జరిగింది' అని రాస్తే ఒక్క వాక్యంతో మూసేస్తారు.

జెనీవా గుమాస్తా

నల్లకోటు గారు చెప్పింది ఒడంబడిక కమిటీల వరకు సరే. కానీ తలుపులన్నీ మూసుకోలేదండీ. వలసదారుల హక్కుల ప్రత్యేక ప్రతినిధి అని ఒక పదవి 1999 నుంచి ఉంది. ఆయనకు గానీ ఆమెకు గానీ ఒక్క మనిషి కేసును పంపొచ్చు. సదరు దేశం ఒడంబడికలో ఉండక్కర్లేదు, ఇక్కడి కోర్టులన్నీ తిరిగి రావాలన్న షరతూ లేదు. ఆన్‌లైన్ ఫారంలో అడిగేవి: బాధితుడెవరు, తప్పు చేసింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, పంపేదెవరు. బాధితుడి సమ్మతి తప్పనిసరిగా తీసుకోండి. వాళ్లు ప్రభుత్వానికి ఉత్తరం రాస్తారు. మామూలు ఆరోపణ ఉత్తరానికి జవాబు కోసం 60 రోజులు ఆగి, తర్వాత ఆ ఉత్తరాన్ని బహిరంగం చేస్తారు. జైల్లోనో డిపోర్టేషన్ సెంటర్‌లోనో ప్రమాదంలో ఉన్నవాడైతే అత్యవసర విజ్ఞప్తి పెట్టండి, అది త్వరగా కదులుతుంది.

ఉత్తరంతో జీతం చేతికి రాదు. ఫైలు కదులుతుంది, కొన్నిసార్లు మనిషి బయటపడతాడు.

ఓట్ల లెక్క

'దూరంగా ఉంది' అన్న ప్రశ్న నాకు వదిలేయండి. అందరూ నైతికంగా చర్చిస్తారు గానీ ఇందులో సగం కూడికలూ తీసివేతలే.

మండలిలో తీర్మానం నెగ్గడానికి 47లో సగం కంటే ఎక్కువ రావాలని చాలామంది అనుకుంటారు. కాదు. అవును, కాదు అని ఓటేసినవాళ్లలోనే మెజారిటీ చూస్తారు. దూరంగా ఉన్నవాళ్లను లెక్కలోంచే తీసేస్తారు. 2022 అక్టోబర్‌లో శ్రీలంక మీద 51/1 తీర్మానం చూడండి: అనుకూలం 20, వ్యతిరేకం 7, దూరం 20. నలభై ఏడులో ఇరవైతో నెగ్గింది. ఇండియా ఆ రెండో ఇరవైలో ఉంది. అంటే ఇక్కడ దూరంగా ఉండటం తీర్మానానికి పరోక్ష సాయమే.

అదే వారంలో చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతం మీద చర్చ పెట్టాలా వద్దా అన్న ఓటు జరిగింది. అనుకూలం 17, వ్యతిరేకం 19, దూరం 11. ఓడిపోయింది. ఇండియా ఇక్కడా దూరమే. ఇండియా ఒక్కటే అవునన్నా 18-19, అప్పుడూ ఓటమే. సమానమైతే నెగ్గినట్టు కాదు కాబట్టి దూరంగా ఉన్నవాళ్లలో ముగ్గురు మారి ఉండాలి. అంటే ఒకే పని ఒకచోట తీర్మానాన్ని గట్టెక్కించింది, ఇంకోచోట ముంచింది. కాబట్టి 'దూరంగా ఉంది' అన్న శీర్షిక చదివితే వెంటనే మూడు అంకెలూ వెతకండి. అంకెలు లేని వార్తతో ఏమీ తేలదు.

ఇండియా ఎప్పుడూ దూరంగానే ఉండదు. శ్రీలంక మీదే చరిత్ర చూడండి. 2009 మేలో యుద్ధం ముగిసిన వెంటనే శ్రీలంక ప్రభుత్వానికి అనుకూలమైన తీర్మానానికి ఓటేసింది. 2012, 2013లో శ్రీలంకను జవాబు అడిగే తీర్మానాలకు ఓటేసింది. 2013లో భాష మెత్తబడిందన్న కోపంతో డీఎంకే యూపీఏ నుంచి బయటికే వెళ్లిపోయింది. 2014లో అంతర్జాతీయ దర్యాప్తు అన్న ముక్క చేరేసరికి దూరమైంది. 2021, 2022లోనూ అంతే. ఇందులో గీత కనిపిస్తుంది: ఆ దేశాన్నే పని చేయమంటే సరే, బయటి దర్యాప్తు బృందం అంటే వద్దు. రేపు మన మీదికీ అదే రావొచ్చన్న జాగ్రత్త అది. మెచ్చుకోవాలో తిట్టాలో మీ ఇష్టం. అంచనా వేయడానికి మాత్రం బాగా పనికొచ్చే సూత్రం.

సభ్యత్వం సంగతి. సర్వసభలో రహస్య ఓటింగ్‌లో 193లో కనీసం 97 రావాలి. పదవీకాలం మూడేళ్లు, వరుసగా రెండుసార్లు చేశాక ఒక విరామం తప్పదు. ఇండియా 2018లో, 2025లో బయట ఉన్నది అందుకే, ఎవరో తీసేయడం వల్ల కాదు. ఆ ఏడాదుల్లో పరిశీలక దేశంగా మాట్లాడొచ్చు, ఓటు ఉండదు. 2025 అక్టోబర్‌లో 2026-28 కాలానికి మళ్లీ ఎన్నికైంది. 2018లో 188 ఓట్లు, 2021లో 184 వచ్చాయని గొప్పగా రాస్తారు గానీ, ఆ రెండుసార్లూ ఆసియా పసిఫిక్‌లో ఐదు కుర్చీలకు పోటీలో ఉన్నది ఐదు దేశాలే. పంచాయతీలో ఏకగ్రీవం లాంటిది.

ఎల్లంపల్లి

చాలా థ్యాంక్స్ అండీ. రెండు చిన్న సందేహాలు. మా సంఘానికి ఐక్యరాజ్యసమితి గుర్తింపు ఏదీ లేదు, పంపొచ్చా? ఇంకోటి, సౌదీ రిపోర్టు చివర పెట్టడానికి ఈ సిఫార్సు రాశాం. ఎలా ఉందో చెప్పండి:

'సౌదీ ప్రభుత్వం కఫాలా అనే ఆధునిక బానిసత్వాన్ని వెంటనే అంతం చేసి, లక్షలాది భారతీయ కార్మికుల కన్నీళ్లు తుడిచి, వారి సమస్త మానవ హక్కులనూ కాపాడాలి.'

తాజా అవుట్‌పాస్

గుర్తింపు గురించి: రిపోర్టు పంపడానికి ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి ఇచ్చే సంప్రదింపుల హోదా అక్కర్లేదు. సమీక్ష ముగిశాక, ఫలితాన్ని మానవ హక్కుల మండలి పూర్తి సమావేశంలో ఆమోదించే గంటలో మైకు కావాలంటే మాత్రం హోదా ఉండాలి. ఆ గంటలో సంఘాలన్నింటికీ కలిపి ఇచ్చేది 20 నిమిషాలు, ఒక్కొక్కరికి 2 నిమిషాలు. హోదా ఉన్న పెద్ద సంస్థతో ఉమ్మడి రిపోర్టు వేస్తే వాళ్ల ద్వారా ఆ రెండు నిమిషాల్లో ఒక వాక్యం మీది కావొచ్చు.

హోదా కోసం ఇప్పుడు పరుగెత్తకండి. న్యూయార్క్‌లో 19 దేశాల ఎన్జీవో కమిటీ దాన్ని చూస్తుంది. అందులో ఏ ఒక్క సభ్యదేశమైనా ఒక ప్రశ్న వేస్తే చాలు, దరఖాస్తు తర్వాతి సమావేశానికి వాయిదా. అంతర్జాతీయ దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్ దరఖాస్తు 2008లో కమిటీ ముందుకు వస్తే హోదా 2022 డిసెంబర్‌లో దక్కింది. ఆ మధ్యకాలంలో వరస ప్రశ్నలు వేస్తూ వచ్చింది ముఖ్యంగా ఇండియానే. దేశం పాత్ర అని అడిగారు కదా, ఓటు కన్నా ఈ ప్రశ్నల్లోనే ఆ పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది.

యూపీఆర్ ఒక్కదాని మీదే కూర్చోవద్దు కూడా. ఖతార్‌లో మార్పు ఎక్కువగా వచ్చింది అంతర్జాతీయ కార్మిక సంస్థ దారిలో. 2014లో ఆ సంస్థ మహాసభలో కార్మిక ప్రతినిధులు ఆ సంస్థ రాజ్యాంగంలోని 26వ అధికరణం కింద ఖతార్ మీద ఫిర్యాదు వేశారు. విచారణ కమిషన్ వేస్తారన్న భయం మూడేళ్లు నడిచింది. 2017 నవంబర్‌లో సహకార ఒప్పందంతో మూసేశారు. 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేకుండా చట్టం మారింది. 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. ప్రపంచకప్ ఒత్తిడి లేకపోతే ఇంత కదిలేదా అంటే అనుమానమే. అయినా దారి గుర్తుపెట్టుకోండి: ఆ ఫిర్యాదు వేసే హక్కు ఎన్జీవోలకు లేదు, కార్మిక సంఘాల ప్రతినిధులకు ఉంది. మీ ఊళ్లో ఏ కేంద్ర కార్మిక సంఘం శాఖ ఉన్నా వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి.

జెనీవా గుమాస్తా

మీ సిఫార్సు చదివాను. బాధ అర్థమవుతోంది, కానీ దాన్ని ఏ దౌత్యవేత్తా నోట పలకడు. ఎందుకో చెప్తా.

సమీక్ష మొత్తం మూడున్నర గంటలు. అందులో 70 నిమిషాలు సమీక్షలో ఉన్న దేశానివి. మిగతా 140 నిమిషాలు మాట్లాడదలచిన దేశాలన్నీ సమంగా పంచుకోవాలి. ఇండియా సమీక్షలో 130 దేశాలు సిఫార్సులు ఇచ్చాయి. 140ని 130తో భాగించండి, ఒక్కొక్కరికి 65 సెకన్లలోపే. అందులో నమస్కారం, అభినందన పోగా మిగిలే 45 సెకన్లలో రెండో మూడో సిఫార్సులు చదవాలి. మీ వాక్యం 15 సెకన్లలో అయిపోవాలి, అందులో ఒక్క పనే ఉండాలి, నాలుగేళ్ల తర్వాత 'చేశారా లేదా' అంటే అవుననో కాదనో చెప్పగలగాలి. 'సమస్త మానవ హక్కులు' అంటే ఎవరూ కొలవలేరు. 'ఆధునిక బానిసత్వం' అన్న మాట ఉన్నందుకే వాళ్లు 'గమనంలోకి తీసుకున్నాం' అని పక్కన పెడతారు. 'భారతీయ' అన్న మాటా తీసేయండి. నేపాలో ఫిలిప్పీన్సో దాన్ని ఎత్తుకోవాలంటే అది అందరు కార్మికులదీ కావాలి.

మీ ఒక్క వాక్యాన్ని నేనైతే మూడు చేస్తాను:

'2021 కార్మిక సంస్కరణలను ఇళ్లలో పనిచేసేవారికి, డ్రైవర్లకు, తోటమాలులకు కూడా వర్తింపజేసి, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించాలి.'

'కార్మికుడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్న యజమానులపై ఏటా ఎన్ని కేసులు పెట్టి, ఎన్నింటిలో జరిమానా వేశారో ప్రచురించాలి.'

'వలస కార్మికుడి మరణం సహజమని నమోదు చేసేముందు వైద్యపరంగా కారణం నిర్ధారించి, ఆ నివేదిక కుటుంబానికి ఇవ్వాలి.'

మొదటిది ఎందుకంటే 2021 మార్చి సంస్కరణ ఈ వర్గాలను వదిలేసింది. చేసినదాన్ని పొడిగించమంటే ఒప్పుకోవడం సులువు. రెండోది అంకెలు అడుగుతుంది, చట్టం ఇప్పటికే ఉంది కాబట్టి కాదనలేరు. మూడోది మీ సంఘం దగ్గర ఉన్న కాగితాల్లోంచి వచ్చింది. ఆ ఒక్క ముక్క 'సహజ మరణం' సర్టిఫికెట్లు పేర్లు చెరిపి వరసగా పెడితే దానంత బలమైన అనుబంధం ఇంకోటి ఉండదు.

వీటిని ఎవరికి ఇవ్వాలంటే, మన విదేశాంగ శాఖకే కాదు. గల్ఫ్‌తో మనకున్న లావాదేవీలు చూస్తే ఇండియా సౌదీని ఇంత సూటిగా అడుగుతుందని ఆశపడకండి. వలస కార్మికుల ఒడంబడికను ధ్రువీకరించిన ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఢిల్లీ రాయబార కార్యాలయాలకు వెళ్లండి. లాటిన్ అమెరికా దేశాలు, కొన్ని యూరప్ దేశాలు కూడా ఈ విషయంలో ఆసక్తి చూపిస్తాయి. సమీక్షకు నాలుగు నెలల నుంచి నెల ముందు వరకే ఇది పనిచేస్తుంది. ఆ తర్వాత వాళ్ల కాగితం రాజధానిలో ఖరారైపోతుంది. ఒక్క పేజీ ఇవ్వండి: పైన సమస్య మూడు లైన్లు, మధ్యలో గత విడతలో ఆ దేశం ఒప్పుకున్న సిఫార్సు నంబరు, కింద మీ సిఫార్సులు రెండు, మహా అయితే మూడు. పది కాగితాల ఫైలు ఇస్తే అది టీ టేబుల్ మీదే ఉండిపోతుంది.

నల్లకోటు

ఇండియా రిపోర్టులోకి ఒకటి చేర్చండి. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి కనీస రెఫరల్ వేతనాలు (అంతకన్నా తక్కువ జీతానికి పంపకూడదని ప్రభుత్వం పెట్టే హద్దు) తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో పిల్ నడుస్తుండగా 2021 జులైలో ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది. ఈ వేతనాలు సర్క్యులర్‌తో మారకుండా చట్టంలో పెట్టాలి, తగ్గించాలంటే కార్మిక సంఘాలను సంప్రదించాలి అని ఒక సిఫార్సు రాయండి. ఇది ఇండియా చేతిలో ఉన్న పని. ఏ గల్ఫ్ దేశాన్నీ నొప్పించదు కాబట్టి ఒప్పుకోకపోవడానికి సాకు తక్కువ.

పిల్ నంబరు, రెండు సర్క్యులర్ల తేదీలు, వెనక్కి తీసుకున్న ఉత్తర్వు ఫుట్‌నోట్‌లో వేయండి. పదాల లెక్కలోకి రావు.

ఎల్లంపల్లి

మరణ ధ్రువపత్రాలు మా దగ్గర ఉన్నాయి, కొన్ని అరబిక్‌లోనే. అనువాదానికి నోటరీ కావాలా?

జెనీవా గుమాస్తా

అక్కర్లేదు. అనువాదం ఎవరు చేశారో, ఏ తేదీనో కింద ఒక లైను రాస్తే చాలు. అసలు కాపీ మాత్రం పారేయకండి, ఏదైనా రాయబార కార్యాలయం చూపించమంటే అదే కావాలి. పేరు, పాస్‌పోర్టు నంబరు నల్లగా పూసేటప్పుడు వర్డ్‌లో నల్ల హైలైట్ వేసి వదిలేయకండి, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే బయటపడతాయి. ప్రింటు తీసి, మార్కర్‌తో పూసి, మళ్లీ స్కాన్ చేయండి.